54.6 వోల్టుల వెనక

48 వోల్టుల ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ లోపల ఏముంటుంది? 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవున్న లిథియం అయాన్ సెల్లులు నికెల్ పట్టీలతో అతికి, గుంపులు గుంపులుగా ఉంటాయి. ఒక్కో గుంపులోనివి పారలల్‌గా కలిపినవి కాబట్టి గుంపంతా ఒకే పెద్ద సెల్లు కింద లెక్క. సాధారణంగా అలాంటివి 13 సిరీస్‌లో ఉంటాయి. నిండా చార్జి అయితే ఒక్కోటి 4.2 వోల్టులు, మొత్తం 54.6. మామూలు చార్జరుకు తెలిసిన లెక్క అంతవరకే.

చిక్కు కూడా ఆ కూడికలోనే ఉంది. 12 సెల్లులు 4.175 దగ్గర, పదమూడోది 4.5 దగ్గర ఉన్నా మొత్తం 54.6 వోల్టులే. చార్జరు మీద పచ్చ లైటు వెలుగుతుంది. ఆ ఒక్క సెల్లులో మాత్రం పరిస్థితి వేరు. దాని గ్రాఫైట్ పలక లిథియంతో నిండిపోయి, లోపలికి పోయే దారిలేని లిథియం పలక మీదే లోహంగా పేరుకోవడం మొదలవుతుంది. అవతలి పలక స్థిరత్వం కోల్పోతుంది. ఎలక్ట్రోలైట్ విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి, సెల్లు వేడెక్కుతుంది. రెండు పలకలను వేరుగా ఉంచే పాలిథిలిన్ పొర 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అక్కణ్నుంచి వేడి తనను తానే పెంచుకుంటూ పోతుంది. ఆ మంటకు కావలసిన ఆక్సిజన్‌లో కొంత సెల్లులోనే పుడుతుంది.

ఒక్క సెల్లు ఎంత పని చేయగలదో విమానయాన రంగం 2013లో చూసింది. ఆ జనవరిలో బోస్టన్ విమానాశ్రయంలో ఆగి ఉన్న జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 787లో 8 సెల్లుల బ్యాటరీ కాలిపోయింది. అక్కడ కారణం ఓవర్‌చార్జి కాదు. ఒక సెల్లులో లోపలే షార్ట్ సర్క్యూటై, వేడి మిగతావాటికి పాకిందని అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తులో తేలింది.

ఒకే ఫ్యాక్టరీలో, ఒకే రోజు తయారైన సెల్లులు ఎందుకు ఎడమొహం పెడమొహం అవుతాయి? పుట్టుకతోనే సామర్థ్యంలో చిన్నపాటి తేడాలుంటాయి. ప్యాక్ నడుమ ఉన్నవి అంచుల్లో ఉన్నవాటికంటే వేడెక్కి త్వరగా ముసలివవుతాయి. వాడకుండా పెట్టినా కొన్ని కాస్త ఎక్కువ చార్జి పోగొట్టుకుంటాయి. నెలల తరబడి ఈ తేడాలు పేరుకుంటాయి.

ఇళ్లలో ఇన్వర్టర్‌కు తగిలించే లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఈ బాధ అంతగా లేదు. ముందే నిండిన సెల్లుకు అదనంగా అందిన కరెంటు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడంలో ఖర్చవుతుంది. ఈలోగా వెనకబడినవి అందుకుంటాయి. అప్పుడప్పుడూ డిస్టిల్డ్ వాటర్ పోయడం ఆ సర్దుబాటుకు మనం చెల్లించే మూల్యమన్నమాట. లిథియం సెల్లులో నీరుండదు, మండే స్వభావమున్న కర్బన ద్రావకం ఉంటుంది. అదనపు చార్జికి అందులో హాని లేకుండా పోయే దారి లేదు.

అందుకే ప్రతి మంచి ప్యాక్‌లోనూ బీఎంఎస్ అనే సర్క్యూట్ బోర్డు ఉంటుంది. ఒక్కో సెల్లు వోల్టేజీని అది విడివిడిగా కొలుస్తుంది. ఏ ఒక్కటి హద్దు దాటినా చార్జింగ్ ఆపేస్తుంది. ముందుకెళ్లిన సెల్లుకు చిన్న రెసిస్టరును కలిపి, దాని చార్జిని కాస్త వేడిగా ఖర్చు చేయిస్తుంది. ఎక్కువున్న సెల్లు నుంచి తక్కువున్నదానికి చార్జిని మళ్లించే సర్క్యూట్లూ ఉన్నాయి కానీ, ఖరీదెక్కువ కావడంతో చవక ప్యాకుల్లో రెసిస్టర్లదే రాజ్యం. వాటి పని మహా నిదానం. రెసిస్టర్లో పారేది 50 మిల్లీ ఆంపియర్లయితే, 1 ఆంపియర్ అవర్ తేడా సరిచేయడానికి 20 గంటలు పడుతుంది. పైగా చాలా బోర్డులు ప్యాక్ నిండే వేళకు గానీ ఈ పని మొదలుపెట్టవు. 90 శాతం కాగానే రోజూ ప్లగ్ పీకేసే ఇంట్లో ఆ అవకాశమే రాదు. అప్పుడప్పుడూ కంపెనీ ఇచ్చిన చార్జరుతో, మనం మెలకువగా ఉన్న పూట, నిండాక కూడా కాసేపు ఉంచడం ఆ లోటు తీరుస్తుంది. రాత్రంతా పడకగదిలో పెట్టి నిద్రపోవడం వేరే సంగతి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానిది ఇంకో తీరు. వేడికి బాగా తట్టుకుంటుంది గానీ, చార్జింగ్ మధ్య భాగమంతా దాని వోల్టేజీ దాదాపు కదలదు. అక్కడ ఏ సెల్లు వెనకబడిందో కొలత చూసి చెప్పడం కష్టం. 3.65 వోల్టుల పైహద్దు దగ్గరపడితేనే తేడా బయటపడుతుంది. ఈ రకం బ్యాటరీ ఉన్న కార్లను వారానికోసారి 100 శాతం చార్జి చేయమని టెస్లా చెప్పడానికి ఒక కారణం అదే.

ప్రమాదం కింది హద్దులోనూ ఉంది. నెలలపాటు మూలన పడేసిన బండిలో ఒక సెల్లు 2 వోల్టుల కిందికి జారితే, గ్రాఫైట్‌కు ఆధారమైన రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్లీ చార్జి ఎక్కించినప్పుడు ఆ రాగి తప్పు చోట పేరుకుని షార్ట్ చేయవచ్చు. బీఎంఎస్‌ను తప్పించి, నేరుగా కరెంటిచ్చి ‘డెడ్’ బ్యాటరీని లేపిన మెకానిక్‌ను నేర్పరి అంటారు జనం. అది నేర్పు కాదు, తెగింపు.

2022 ఏప్రిల్లో విజయవాడలోనూ, నిజామాబాద్ జిల్లాలోనూ ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ నుంచి లేచిన పొగ పైఅంతస్తుల లాడ్జిని కమ్మేసి 8 మందిని బలిగొంది. కేంద్రం బ్యాటరీ ప్రమాణం ఏఐఎస్-156ను కట్టుదిట్టం చేసి, 2022 డిసెంబరులో, 2023 మార్చిలో రెండు దశలుగా అమల్లోకి తెచ్చింది. ఇలాంటి ప్రమాదాల్లో మన ఎండలూ భాగస్వాములే. చాలా సెల్లులకు తయారీదారు పెట్టే చార్జింగ్ హద్దు 45 డిగ్రీలు. రామగుండం మే నెల మధ్యాహ్నం గాలే అంత వేడిగా ఉండగలదు. అప్పుడే తిరిగొచ్చిన బండి బ్యాటరీ అంతకంటే వేడిగా ఉంటుంది. దాన్ని నీడలో చల్లారనిచ్చాకే ప్లగ్ పెట్టాలి.

పాత లెడ్ యాసిడ్ బండికి లిథియం ప్యాక్ వేయించుకున్నవాళ్లు గమనించాల్సిన లెక్క ఒకటుంది. పాత చార్జరు మీద కూడా 48 వోల్టులనే రాసుంటుంది. కానీ అది నాలుగు 12 వోల్టుల బ్యాటరీలకు ఒక్కోదానికి 14.4 చొప్పున 57.6 వోల్టుల దాకా ఎక్కిస్తుంది. దాన్నే 13 లిథియం సెల్లులకు పెడితే, బీఎంఎస్ అడ్డుపడకపోతే, అన్నీ సమానంగా ఉన్నా ఒక్కోటి 4.43 వోల్టులకు చేరుతుంది.