విప్పి తీసుకెళ్లే ఇళ్లు.. వరద నగరాలకు పనికొస్తాయా?

బ్రహ్మపుత్ర నది బంగ్లాదేశ్‌లోకి వెళ్లాక జమున అవుతుంది. ఆ నది మధ్యలో ఇసుక మేటలు వేసి ఏర్పడే దిబ్బలను అక్కడ ‘చర్‌’లు అంటారు. మన గోదావరి లంకల్లాంటివే కానీ, వాటికంటే నిలకడ తక్కువ. ఈ ఏడాది ఉన్న ఒడ్డు వచ్చే ఏడాదికి ఉంటుందన్న నమ్మకం లేదు. అక్కడి కుటుంబాల సమస్య ఇంట్లోకి నీళ్లు రావడం ఒక్కటే కాదు. ఇంటి కింద ఉన్న నేలే కోసుకుపోయి నదిలో కలిసిపోతుంది.

ఈ కుటుంబాల కోసమే బంగ్లాదేశ్ ఆర్కిటెక్ట్ మరీనా తబస్సుమ్ 2020లో కరోనా సమయంలో ఒక ఇంటి నమూనా తయారు చేశారు. పేరు ‘ఖుది బారి’. బెంగాలీలో చిన్న ఇల్లు అని అర్థం. 2025లో దీనికి ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. ఢాకాలో కట్టిన బైత్ ఉర్ రవూఫ్ మసీదుకు 2016లోనే ఆమె ఇదే అవార్డు అందుకున్నారు.

అప్పటి నుంచి ‘నగరాల్లోని బస్తీలకు కూడా ఇలాంటి ఇళ్లు కట్టొచ్చు కదా’ అన్న ప్రశ్న వస్తోంది. దానికి జవాబు చెప్పాలంటే, ముందు ఈ ఇల్లు ఏం చేస్తుందో, ఏం చేయదో చూడాలి.

ఈ ఇంట్లో ఏముంది?

వెదురు బొంగులు, వాటిని కలిపే స్టీలు జాయింట్లు, పైన రేకులు. అంతే. వెదురు స్థానికంగా దొరుకుతుంది. స్టీలు జాయింట్లు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. పెద్ద యంత్రాలు అవసరం లేదు, నలుగురు కలిసి బిగించుకోవచ్చు, విప్పుకోవచ్చు. తొలి నమూనాలకు ఒక్కో ఇంటికి దాదాపు 300 పౌండ్లు, అంటే 30 వేల రూపాయల పైచిలుకు ఖర్చయింది.

ఇల్లు రెండు అంచెలుగా ఉంటుంది. కింద రోజువారీ జీవితం, పైన అటకలాంటి గది. నీళ్లు వచ్చినప్పుడు మనుషులు పైకి ఎక్కి, సామాను పైన పెట్టుకుని, వరద తగ్గేదాకా అక్కడే ఉంటారు.

ఇది పూర్తిగా కొత్త ఆలోచన కాదు. ఢాకాకు దగ్గర్లోని మున్షీగంజ్ ప్రాంతంలో చెక్క, రేకులతో చేసిన రెడీమేడ్ ఇళ్లు ఎప్పటి నుంచో అమ్ముతున్నారు. కొన్నవాళ్లు భాగాలుగా విప్పి తమ ఊరికి తీసుకెళ్తారు. పద్మా నది ఒడ్డును కోసేస్తుంటే విప్పి మరో చోటికి మారుస్తారు. ఆ పద్ధతిని భూమి లేని పేదల స్థోమతకు తగ్గట్టు మార్చడమే ఇక్కడ జరిగింది.

వరద వస్తుంటే విప్పుకుని వెళ్లొచ్చా?

వెళ్లలేరు. చాలామంది పొరబడేది ఇక్కడే. నీళ్లు ముంచుకొస్తుంటే ఇల్లు విప్పే సమయం ఎవరికీ ఉండదు. అప్పుడు ప్రాణం కాపాడేది పైనున్న అటక. ఇంటిని విప్పగలగడం ఉపయోగపడేది ఒడ్డు కోతకు గురవుతున్నప్పుడు. కోత కొన్ని రోజుల ముందే కళ్లకు కనబడుతుంది. ఆ లోపు ఇంటిని కాపాడుకోవచ్చు. లేదంటే ప్రతి కోతకూ కొత్త ఇంటి కోసం మళ్లీ అప్పు చేయాల్సిందే.

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్ పరిసరాలు మునిగినప్పుడు ఈ తేడా స్పష్టంగా కనిపించింది. డాబా ఉన్నవాళ్లు పైకెక్కి, పడవల్లో, డ్రోన్లతో అందే ఆహారం కోసం ఎదురుచూశారు. రేకుల ఇళ్ల వాళ్లకు ఎక్కడానికి సొంత డాబా లేదు. అలాంటి చోట అవసరమైనది కదిలే ఇల్లు కంటే, నీళ్లకు అందని ఒక అంతస్తు.

నగరంలో చిక్కులేంటి?

మొదటిది, జాగా. చర్‌లో ఇల్లు విప్పితే మరో దిబ్బ మీద బిగించుకోవచ్చు. కిక్కిరిసిన బస్తీలో పక్కనే మరో ఖాళీ జాగా ఉండదు. పైగా అటక ఉన్న ఇల్లు ఒక్క కుటుంబానికే సరిపోతుంది. నాలుగైదు అంతస్తుల్లో ఇమిడే జనాన్ని ఇలాంటి ఇళ్లలో పెట్టాలంటే ఎంతో ఎక్కువ నేల కావాలి.

రెండోది, కనెక్షన్లు. గోడలు, పైకప్పు విప్పడం తేలిక. నీటి పైపు, డ్రైనేజీ, కరెంటు మీటరు విప్పుకుని పోలేరు. మరుగుదొడ్డి లేని ఇల్లు వరద తర్వాత రోగాలకు దారి తీస్తుంది.

ఈ చిక్కులకు కొందరు వేరే దారి వెతికారు. నెదర్లాండ్స్‌లోని మాస్‌బొమ్మెల్‌లో 2005లో కట్టిన ఇళ్లు మామూలు రోజుల్లో నేల మీదే ఉంటాయి. నీరు పెరిగితే స్తంభాల వెంట పైకి తేలతాయి. పైపులు, తీగలు ఇంటితో పాటు కదిలేలా వంగే రకం వాడారు. ఢాకాలోనూ 2010లో ‘లిఫ్ట్ హౌస్’ పేరుతో, వాడేసిన ప్లాస్టిక్ సీసాల ఆధారంగా తేలే ఇంటిని ప్రయోగాత్మకంగా కట్టారు. ఇలాంటి ఇల్లు ఉన్నచోటే ఉండి వరదను తట్టుకుంటుంది. కానీ తేలే పునాది ఖర్చు ఖుది బారి లాంటి వెదురు ఇంటి కంటే బాగా ఎక్కువ.

మాడ్యులర్ అంటే కదిలేదని కాదు

భారత్‌లో మాడ్యులర్ ఇళ్లు అనగానే కేంద్రం 2021 జనవరి 1న శంకుస్థాపన చేసిన లైట్ హౌస్ ప్రాజెక్టులు గుర్తొస్తాయి. వాటిలో ఒకటైన చెన్నైలో ఫ్యాక్టరీలో పోతపోసిన కాంక్రీటు భాగాలతో 1,152 ఇళ్లు కట్టి 2022 మేలో ప్రారంభించారు. ఇవి త్వరగా లేస్తాయి కానీ, కదలవు.

ఆ ఇళ్లు ఉన్నది పెరుంబాక్కంలో, పల్లికరణై చిత్తడి నేలలకు దగ్గర్లో. 2015 చెన్నై వరదల తర్వాత నదుల ఒడ్డున ఉన్న బస్తీల కుటుంబాలను ఎక్కువగా తరలించిందీ ఈ పరిసరాలకే. అదీ లోతట్టు ప్రాంతమే, వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి. కూలి దొరికే నగర నడిబొడ్డుకు ఎంతో దూరం. ఇంటి టెక్నాలజీ మారినా, స్థలం ఎంపికలో తప్పు జరిగితే వరద ముప్పు వెంటే వస్తుంది.

అసలు ప్రశ్న పట్టా

2023 జులైలో దిల్లీ వద్ద యమున 208.66 మీటర్లకు చేరి, 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును దాటింది. ఒడ్డున గుడిసెల్లో ఉన్నవారు రోడ్ల పక్కన టెంట్లలోకి చేరారు. నీళ్లు తగ్గాక చాలామంది మళ్లీ అక్కడికే వెళ్లారు. వెళ్లడానికి వేరే చోటు లేదు. వాళ్ల ఇళ్లు ఇప్పటికే ‘విప్పి తీసుకెళ్లేవి’. లేనిది ఎత్తైన నేల మీద చట్టబద్ధమైన హక్కు.

అందుకే హక్కు లేకుండా కదిలే ఇల్లు మాత్రమే ఇస్తే ఒక ప్రమాదం ఉంది. ‘మీ ఇల్లు మోసుకెళ్లొచ్చు కదా, ఖాళీ చేయండి’ అనడం అధికారులకు మరింత సులువవుతుంది. వరద నుంచి కాపాడాల్సిన ఇల్లు, జనాన్ని తరలించే సాధనంగా మారిపోతుంది.

ఒడిశా ఈ సమస్యను మరో వైపు నుంచి పట్టుకుంది. అక్కడ 2017లో తెచ్చిన చట్టం పట్టణ బస్తీవాసులకు భూమి హక్కు ఇస్తుంది. ఆ స్థలాన్ని అమ్ముకోలేరు కానీ వారసులకు ఇవ్వొచ్చు, ఇంటి కోసం తాకట్టు పెట్టి రుణం తీసుకోవచ్చు. రేపు ఖాళీ చేయిస్తారన్న భయం లేనివాళ్లే ఇంటిని ఎత్తు చేసుకోవడానికి, పైన ఒక అటక వేసుకోవడానికి డబ్బు ఖర్చు పెడతారు.

కాబట్టి వరద ముప్పున్న నగరంలో కదిలే ఇళ్ల పథకం ఏది ప్రకటించినా, ఇంటి నమూనా కంటే ముందు అడగాల్సినవి మూడు. ఇళ్లు మార్చే చోటు ముంపు మ్యాపులో ఎక్కడుంది? అక్కడ నీళ్లు, డ్రైనేజీ ముందే వేశారా? ఆ నేల మీద కుటుంబానికి ఏ కాగితం ఇస్తున్నారు? వీటికి జవాబు ఉంటే 30 వేల వెదురు ఇల్లు కూడా ఎంతో పని చేస్తుంది. లేకపోతే ఆ ఇల్లు కూడా వచ్చే వరద నాటికి మళ్లీ నది ఒడ్డుకే చేరుతుంది.