చూసినదీ, అనుకున్నదీ

మనస్సును నిలపడం గురించి ఈ పత్రిక పాఠకులకు కొత్తగా చెప్పవలసినది లేదు. అయితే ఆ సాధననే ఆసుపత్రి చికిత్సలో భాగంగా మలచిన ఒక అమెరికన్ మహిళ కృషి మన ఇళ్లలో అంతగా తెలియదు. మానసిక సలహాదారుగా నేను ఆ పద్ధతిని నేర్పుతుంటాను. అందులో ప్రతి ఇంటికీ పనికివచ్చే ఒక అంశాన్ని ఇక్కడ వివరిస్తాను.

ఆమె పేరు మార్షా లినెహన్. 1961లో, పదిహేడేళ్ల వయసులో, తనను తాను గాయపరచుకునేంతటి మనోవేదనతో మానసిక చికిత్సాలయంలో చేరి, రెండేళ్లకు పైగా అక్కడే గడిపారు. తరువాత చదువుకొని సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. చనిపోవాలన్న తలంపు వదలని రోగుల కోసం ఒక చికిత్సను రూపొందించి, 1993లో గ్రంథరూపంలో వెలువరించారు. అదే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, క్లుప్తంగా డీబీటీ. ఉన్నదాన్ని ఉన్నట్లు అంగీకరించడం, మారవలసినదాన్ని మార్చుకోవడం అనే రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. వాటిని కలిపి పట్టుకోవడమే ఆ పేరులోని భావం. కేథలిక్ అయిన ఆమె జెన్ గురువుల వద్ద ధ్యానం అభ్యసించి, దానిని మతంతో నిమిత్తం లేకుండా ఎవరైనా చేయగల చిన్న నైపుణ్యాలుగా విడదీశారు. తన గతాన్ని మాత్రం 2011లో గాని బహిరంగంగా చెప్పలేదు.

ఆ నైపుణ్యాలు ఆరు. చేయవలసినవి మూడు: గమనించడం, గమనించినదాన్ని మాటల్లో పెట్టడం, చేస్తున్న పనిలో లీనం కావడం. ఎలా చేయాలన్నది మరో మూడు: మంచిచెడ్డల తీర్పు చెప్పకుండా, ఒక వేళకు ఒకే పనిగా, ఫలితమిచ్చే విధంగా. చదవడానికి సులభమే గాని, మాటల్లో పెట్టడం వద్దే చాలామంది తడబడతారు. మన మాటల్లో చూసినదీ అనుకున్నదీ కలిసిపోయి ఉంటాయి. “కోడలు నన్ను చూసి ముఖం చిట్లించింది” అంటాము. కంటికి కనిపించినది కనుబొమలు ముడిపడడమే. “నన్ను చూసి” అన్నది మనం చేర్చినది. ఆ అమ్మాయికి తలనొప్పి కూడా కావచ్చును.

ఒక పెద్దావిడ నా వద్దకు వచ్చారు. విదేశంలో ఉన్న కుమారుడు ప్రతి ఆదివారం ఉదయం ఫోను చేసేవాడు. ఆ వారం చేయలేదు. “వాడికి నేను బరువైపోయాను” అనుకొని ఆమె రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. జరిగినది మాత్రమే చెప్పమని అడిగాను. చాలాసేపటికి ఇలా అన్నారు: “పది గంటలయింది. ఫోను మోగలేదు. గొంతు పట్టేసినట్లయింది. వాడికి నేను బరువయ్యానన్న ఆలోచన వచ్చింది.”

చివరి వాక్యాన్ని గమనించండి. “ఆలోచన వచ్చింది” అన్న రెండు మాటలే అందులో కొత్తగా చేరాయి. ఆమె బరువయ్యారో లేదో మాకు తెలియదు. ఆలోచన రావడం మాత్రం నిజం. బాధ పోలేదు, కాని బాధకూ, తరువాత చేయబోయే పనికీ నడుమ కొంత చోటు ఏర్పడింది. ఫోను కొడుకే చేయాలన్న న్యాయం ఆమె వైపే ఉండవచ్చు. కాని ఆ పూట ఆమెకు కావలసినది న్యాయమా, కొడుకు గొంతా? ఆ సాయంత్రం ఆమే ఫోను చేశారు. అతడు మరచిపోయిన మాట నిజమేనట. అయినా అరగంట మాట్లాడుకున్నారు.

తీర్పు చెప్పకపోవడమంటే అన్యాయాన్ని సహించడం కాదు. “ఆయన దుర్మార్గుడు” అనడం కన్నా “తాగివచ్చి చేయి చేసుకున్నాడు” అనడమే బలమైన మాట. సహాయం చేయగలవారికి అక్కరకు వచ్చేది కూడా అదే.

సాధనకు ప్రత్యేక సమయం అక్కరలేదు. గిన్నెలు తోమేటప్పుడు నీటి చల్లదనం, పీచు గరుకు, గిన్నె బరువు తెలుసుకుంటూ తోమండి. మనస్సు ఎటో పోతుంది. పోయిందని తెలియగానే, విసుక్కోకుండా మళ్లీ గిన్నె మీదికి తీసుకురండి. దర్శనం వరుసలో నిలబడినప్పుడు “ఈ జనానికి సంస్కారం లేదు” అనిపిస్తే, “భుజానికి ఎవరో తగిలారు, కాళ్లు నొప్పిగా ఉన్నాయి, కోపం వస్తోంది” అని లోలోపల చెప్పుకోండి. కోపం తగ్గి తీరుతుందని నేను హామీ ఇవ్వను. ఇటువంటి చిన్న చిరాకులతోనే మొదలుపెట్టండి. ఈత నేర్చుకునేవారు వరదలో దిగరు కదా!

సంపూర్ణ డీబీటీ చికిత్స వేరు. శిక్షణ పొందిన నిపుణుల వద్ద వారం వారం, నెలల తరబడి సాగేది అది. ఈ వ్యాసం దానికి బదులు కాదు. మీలో గాని, మీ ఇంట గాని ఎవరికైనా చనిపోవాలన్న తలంపులు వస్తుంటే, ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.