కోరంగి మొగ

గోదావరి యనగానే మనకు పుష్కరస్నానములును, రాజమహేంద్రవరపు రేవులును, ధవళేశ్వరపు ఆనకట్టయు జ్ఞప్తికి వచ్చును. ఆ నది సముద్రమున గలియు తావున నేమి జరుగుచున్నదో తలంచువారు తక్కువ. అయినను వంటయింట రొయ్యలు కడుగు గృహిణికిని, తుపానునాడు బిడ్డలను దగ్గరకు దీసికొని తలుపులు బిగించు తల్లికిని ఆ తావుతో దగ్గర సంబంధము గలదు. కావున గౌతమీశాఖ కడలి జేరు కోరంగి ప్రాంతమును గూర్చి యీ మాసమున కొంత ముచ్చటింప దలచితిమి.

కోరంగి గ్రామము కాకినాడకు దక్షిణమున, యానామునకు బోవు త్రోవలో నున్నది. ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమి, వసిష్ఠ యను రెండు పెద్ద పాయలుగ జీలును. అవి మరల చీలి, సప్తర్షుల పేర నేడు పాయలై సముద్రమును జేరునని మన పెద్దల వాడుక. పుష్యమాసపు అమావాస్యనాడు చొల్లంగిలో మునిగి, వరుసగా సంగమములను సేవించి, అంతర్వేదితో ముగించు సప్తసాగరయాత్ర ప్రసిద్ధమైనది. ఆ అమావాస్యకు చొల్లంగి అమావాస్య యనియే పేరు వచ్చినది. సంతానము గోరి దంపతులీ యాత్ర చేయుట పూర్వాచారము. ఏటిమొగ సంతానము నిచ్చు తావని పెద్దలు నమ్మిరి. చేపలకును రొయ్యలకును అది అక్షరాల నిజమని ప్రకృతిశాస్త్రము జెప్పుచున్నది.

ఏటిమొగ యొక వింతయైన చోటు. నదినీరు తేలిక, ఉప్పునీరు బరువు. కావున మంచినీరు పైపైని సముద్రమునకు జారుచుండ, ఉప్పునీరు అడుగున లోనికి జొచ్చుచుండును. దినమునకు రెండుమారులు పోటు వచ్చును, రెండుమారులు తీయును. నది మోసికొని వచ్చిన ఒండ్రుమట్టి ఉప్పు తగులగనే ముద్దగట్టి, ప్రవాహవేగము తగ్గినచోట అడుగున కూర్చుండును. ఇట్లు ఏటేట పేరుకొనిన బురదయే క్రమముగ నేల యగుచున్నది. కాకినాడ యెదుట సముద్రములో నున్న హోప్ దీవి యిట్టిదే. గోదావరి యిసుకను అలలు ఉత్తరముగ ద్రోయగా, గత రెండువందల యేండ్లలో పెరిగిన యిసుకతిన్నె యది. నేడు ఇంచుమించు పది మైళ్ళ పొడవున నిలిచి, కాకినాడ రేవునకు గోడవలె అడ్డుగా నున్నది.

కోరంగి యొకప్పుడు గొప్ప రేవు. ఇచ్చట ఓడలు కట్టువారును, బాగుచేయువారును ఉండిరి. ఇచ్చటినుండి మనవారు బర్మాకు బోయి, రంగూను రేవులలోను, ధాన్యపు మరలలోను కూలిచేసి యిండ్లకు సొమ్ము పంపిరి. కోరంగి ఓడలలో వచ్చినవారు గనుక బర్మీయులు తెలుగువారిని ‘కోరంగీ’లని పిలిచిరి. ఊరి పేరే జాతికి పేరయ్యెను.

అట్టి రేవునకు సముద్రమే శత్రువయ్యెను. 1789వ సంవత్సరము డిసెంబరులో ఉప్పెన వచ్చి ఊరిని ముంచెను. తేరుకొనిన యేబది యేండ్లకు, 1839 నవంబరు 25వ తేదీన మరియొక ఉప్పెన విరుచుకొనిపడెను. ఓడలు నేలమీదికి కొట్టుకొనివచ్చెను. వేలకొలది జనులు మడిసిరి. బంగాళాఖాతపు తుపానులను పరిశోధించిన హెన్రీ పిడింగ్టను కోరంగి ఉప్పెనలనుగూడ పరిశీలించెను. ఆయన 1848లో ప్రకటించిన గ్రంథమునుండియే ‘సైక్లోను’ అను మాట లోకమున వ్యాపించినది. ఒకవైపు ఉప్పెన, మరియొకవైపు పూడిక. ఓడలు లోనికి రాలేక కాకినాడకు మరలెను. కోరంగి మరల పూర్వపు రేవు కాలేదు.

మనుష్యుల రేవు పోయినను, ఆ ప్రాంతమున మడ అడవి నిలిచియున్నది. మడ, తిల్ల, ఉప్పుపొన్న మొదలగు చెట్లు ఉప్పునీటి బురదలో బ్రదుకు నేర్చినవి. బురదలో గాలి చొరదు. కావున మడచెట్టు వేళ్ళు మేకులవలె నేలనుండి పైకి లేచి గాలి పీల్చుకొనును. అధికమైన ఉప్పును ఆకులద్వారా వెలికి ద్రోయును. నాలుకతో తాకినచో ఆకు ఉప్పగా నుండును. ఉప్పుపొన్న విత్తు నేల రాలక, తల్లిచెట్టుననే మొలకెత్తి, జానెడు పొడవు పెరిగినపిదప జారి బురదలో నాటుకొనును. కొమ్మననే బిడ్డను పెంచి కాపురమునకు బంపు చెట్టని దీనిని జెప్పవచ్చును.

ఈ వేళ్ళ నడుమనే రొయ్యల పుట్టిల్లు గలదు. రొయ్యలు సముద్రమున గ్రుడ్లు పెట్టును. పసి రొయ్యలు పోటుతో ఏటిమొగలోనికి వచ్చి, రాలిన ఆకులు మురిగి తయారైన ఆహారము దిని, పెద్ద చేపలు దూరలేని వేళ్ళ సందులలో పెరిగి, తిరిగి సముద్రమునకు బోవును. చేపపిల్లలకును పీతలకును ఇదియే ఆశ్రయము. బురదలోని గుల్లలను జాలరులు ఏరి, పెంకులను కాల్చి సున్నము చేయుదురు. ఆ అడవిలో బావురుపిల్లియు నీరుకుక్కయు చేపలను వేటాడును. చలికాలమున దూరదేశముల పక్షులు దిగును. హోప్ దీవి యిసుకలో సముద్రపు తాబేళ్ళు గ్రుడ్లు పెట్టును.

పులసచేప సంగతి మీకు తెలియనిది కాదు. సముద్రమున నున్నప్పుడు అది ఇలస. వరదనీటి కెదురీది గోదావరిలోనికి వచ్చినపుడు పులస. ‘పుస్తెలమ్మియైనను పులస తినవలె’నని సామెత. పుస్తెలు మనవి గనుక ఆ మాట ముందుగ నన్నవారు పురుషులే యని మా యూహ! ఎట్లయినను, ఏటిమొగ చెడినచో ఆ కూర రుచి సామెతలోనే మిగులును.

ఏటిమొగకు వచ్చిన కీడు ఒకచోటినుండి వచ్చినది కాదు. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. ఆ మేలు మరువరానిది. కాని పిమ్మట ఎగువను కట్టిన జలాశయములలో ఒండ్రుమట్టి నిలిచిపోవుచున్నది. మట్టి తగ్గినచో తీరము సముద్రమున కెదురు నిలువలేదు. కాకినాడకు ఉత్తరముననున్న ఉప్పాడలో ఇండ్లును బాటయు అలల పాలగుచుండుట లోకమెరిగినదే. అచ్చటికి ఇసుక చేరకుండ హోప్ దీవి అడ్డుపడుటయు నందులకొక కారణము. 1990 తరువాతి యేండ్లలో తీరమున రొయ్యల చెరువులు విస్తరించి, కొన్నిచోట్ల మడలను మ్రింగెను. 1996లో సర్వోన్నత న్యాయస్థానము తీరమున అట్టి చెరువులను నియంత్రించుచు తీర్పు చెప్పినది. రొయ్యను పెంచుటకై రొయ్య పుట్టింటిని గూల్చుట యెట్టి లెక్కయో గృహిణులకు వేరుగ జెప్పనక్కరలేదు.

ఆ సంవత్సరమే నవంబరు 6వ తేదీన కాకినాడ దక్షిణమున తీరము దాటిన తుపాను వేయిమందికి మించి ప్రాణములు గొన్నది. వారిలో చాలమంది మత్స్యకారులు. మడ అడవి తుపానును ఆపజాలదు. అలల బలమును, గాలి వేగమును కొంత తగ్గించును. ప్రాణము నిలుచుటకు ఆ కొంతయే చాలును.

ఊరట గలిగించు సంగతులును గలవు. 1978లో ఈ ప్రాంతమును వన్యప్రాణి రక్షణస్థానముగ నిర్ణయించిరి. దాని వైశాల్యము ఇంచుమించు 235 చదరపు కిలోమీటర్లు. మడలు చచ్చిన చవిటినేలలలో చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి, పోటునీరు లోనికి రానిచ్చి, గ్రామస్థుల సాయమున మొక్కలు నాటిరి. నీరు తిరిగినచోట అడవియు తిరిగి వచ్చినది.

తీరగ్రామముల స్త్రీలే చేపలగంప నెత్తినిడుకొని అంగడికి బోవుదురు, పీతలు పట్టుదురు, వంటచెరకు తెత్తురు. అడవి తరిగినచో మొదట కొరత వారి పొయ్యికి వచ్చును. తరువాత మన పళ్ళెమునకు వచ్చును. కావున మరీ చిన్న చేపలను, రొయ్యపిల్లలను కొనకుందుము. కాలువలలో ప్లాస్టిక్ సంచులు పారవేయకుందుము. చొల్లంగి స్నానమునకు బోయినపుడు బిడ్డలను కోరంగి అడవిలోని చెక్కబాటమీద నడిపించి, గాలి పీల్చు వేళ్ళను జూపుదము. ఆ బురదను జూచి వారు ముక్కు మూసికొనినచో, రొయ్యలు ఎక్కడ పెరుగునో, ఉప్పెన వచ్చినపుడు ఊరికి ముందు నిలుచున దేదియో వారికి జెప్పుదము.