మీకు తెలుసా? సముద్రం లేని ఊరికి గూడ్సు బండే ఓడ!

మన జంషెడ్‌పూర్ కాసిడీహ్‌లో మేడెక్కి చూడండి. ఎటు తిరిగినా నీళ్ల ట్యాంకులు, కరెంటు తీగలు, పొగగొట్టాలు! సముద్రం జాడ కూడా ఉండదు. హౌరా చేరాలన్నా రైల్లో 250 కిలోమీటర్లు. అయినా ఆస్ట్రేలియా బొగ్గు మన ఊళ్లో దిగుతోంది! ఎలాగంటారా? గూడ్సు బండెక్కి! ఇంకాస్త దగ్గరికి జరగండి. ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి.

సాక్చీలో కాళీమాటీ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగుంటారు? అది ఒక స్టేషన్ పేరని తెలుసా? మన టాటానగర్ స్టేషన్ పుట్టు పేరు కాళీమాటీ! 1919లో మార్చేశారు. స్టేషన్‌కు పోయిన పేరు రోడ్డుకు మిగిలింది!

ఒక తెల్లదొర రైలు పట్టాలు తింటానన్నాడు! నిజం! టాటాలు పట్టాలు తయారు చేయగలిగితే ప్రతి పౌనూ నమిలి తింటానని రైల్వే పెద్ద సర్ ఫ్రెడరిక్ అప్‌కాట్ ఎకసెక్కమాడాడని చెబుతారు. తర్వాతేమైంది? మొదటి ప్రపంచయుద్ధంలో ఇక్కడినుంచి బయటికెళ్లిన పట్టాల పొడవు దాదాపు 2,400 కిలోమీటర్లు! ఆవకాయ నంజుకున్నా అరిగేది కాదు!

మళ్లీ మేడ మీదికి రండి. పై అంతస్తు ఎప్పటికైనా వేద్దామని వదిలేసిన ఇనప చువ్వలుంటాయి కదా. తుప్పుపట్టి, కొసకు ఓ ప్లాస్టిక్ సీసా తొడుక్కుని! మధ్యలో తాడు కట్టి అమ్మ చీరలు ఆరేస్తుంది చూడండి, అవే! పన్నెండు మిల్లీమీటర్ల చువ్వ, కొట్లో అమ్మే పూర్తి పొడవుది, పదిన్నర కిలోలకు పైనే తూగుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ లెక్కన దాని వెనక ఎంత కోకింగ్ బొగ్గు కాలి ఉంటుందో తెలుసా? సుమారు 8 కిలోలు! ఈసారి చీర ఆరేసేటప్పుడు ఓసారి దాన్ని తట్టి చూడండి.

జరియా పక్కనే ఉందిగా, బొగ్గుకు కొదవేంటి అంటారా? ఉంది. కానీ బూడిద ఎక్కువ! అందుకే దేశానికి కావలసిన కోకింగ్ బొగ్గులో దాదాపు 85 శాతం ఓడల్లోనే రావాలి. బొగ్గు గనుల మీద కూర్చుని బొగ్గు కొనుక్కుంటున్నాం!

ఓడలొచ్చే రేవుల్లో ఒడిశాలోని ధామ్రా ఒకటి. రేవు కట్టగానే పనైపోలేదు! భద్రక్ దాకా 62 కిలోమీటర్ల రైలు లైను కొత్తగా వేశారు. లైను లేని రేవు తలుపు లేని గది! బొగ్గు దిగుతుంది, బయటికి రాదు!

ఇది వినండి. 2017 మార్చి చివర్లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌ను డెబ్బీ తుపాను కొట్టింది. గనులు బాగానే ఉన్నాయి! రేవులు కూడా త్వరగానే తేరుకున్నాయి! దెబ్బ తిన్నది మధ్యలో కొండ దిగే రైలు పట్టాలు. అంతే! టన్ను 150 డాలర్ల దగ్గరున్న కోకింగ్ బొగ్గు ధర కొద్ది రోజుల్లో 300 డాలర్లు దాటింది! అక్కడెక్కడో కట్ట జారితే ఇక్కడ ఉక్కు లెక్కలు తారుమారు!

అంత దూరం ఎందుకు? ఖేమాసులీ తెలుసుగా! ఖరగ్‌పూర్ నుంచి టాటా వచ్చే దారిలో కళ్లు మూసి తెరిచేలోగా దాటిపోయే చిన్న స్టేషన్. 2022 సెప్టెంబరులో కుడ్మీలు తమను షెడ్యూల్డు తెగల్లో చేర్చాలంటూ అక్కడ పట్టాల మీద కూర్చున్నారు. ఎన్నాళ్లు? 5 రోజులు! రైళ్లు ఆగాయి. పక్కనున్న జాతీయ రహదారీ ఆగింది. లారీలు బారులు తీరాయి. ఊరికి వెళ్లాల్సిన మనవాళ్లు టికెట్లు చేత పట్టుకుని నిలబడ్డారు. పటంలో సూదిమొన పెడితే చాలు, ఖేమాసులీ మొత్తం కప్పబడిపోతుంది. అలాంటి చుక్క దగ్గర ఒక దారం తెగితే రెండు రాష్ట్రాలు ఇరుక్కుపోయాయి!

ఆ ఖరగ్‌పూర్‌లోనే మరో సంగతి! బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల సమ్మెను 1928లో నడిపిన నాయకుడు మన తెలుగువాడు. తర్వాత ఏకంగా రాష్ట్రపతి అయ్యాడు! ఎవరు? వి.వి. గిరి!

సరుకు రాకపోవడం ఒక్కోసారి కలిసొస్తుంది కూడా! హౌరా వంతెన కడుతుండగా రెండో ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఇంగ్లండు ఉక్కు ఆగిపోయింది. అప్పుడు మన ఊరే దిక్కైంది! మొత్తం 26,500 టన్నుల ఉక్కులో చాలా భాగం ఇక్కడిదే! హౌరా వెళ్లినప్పుడు ఆ వంతెన మీద కాస్త దర్జాగా నడవండి!

ఇప్పుడు విశాఖ కబురు. ఆ రేవు పని నడిపించింది ఎవరో తెలుసా? ఓ రైల్వే కంపెనీ! అదీ ఏదో కాదు, మన కాళీమాటీ స్టేషన్ మీదుగా బండ్లు నడిపిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేనే! 1933లో మొదటి ఓడ 'జలదుర్గ' లోపలికొచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి పెట్టె పట్టుకుని టాటా వచ్చిన మన తాతలు ఎక్కిందీ ఆ కంపెనీ బండే!

బస్తర్‌కూ సముద్రం లేదు. బైలడిలా ఇనుప ఖనిజం విశాఖకు రావాలంటే తూర్పు కనుమలు దిగాలి. కొత్తవలస–కిరండూల్ లైనులో సొరంగాలెన్ని? 58! అరకు వెళ్తూ పిల్లలు కేకలు పెట్టేది వాటిలోనే! వానాకాలంలో ఓ బండరాయి జారి పట్టాల మీద పడిందనుకోండి. అద్దాల బోగీ, ఖనిజం బండి, రెండూ ఆగాల్సిందే! బండరాయికి టూరిస్టూ తెలీదు, టన్నూ తెలీదు!

నేపాల్ వాళ్లకూ మన విశాఖే రేవు! ఓడ దిగిన కంటైనర్లు రైలెక్కి బీర్‌గంజ్ చేరుతాయి. దూరం సుమారు 1,400 కిలోమీటర్లు! కోల్‌కతా అందులో సగం దూరమే. అయినా విశాఖను కూడా ఉంచుకున్నారు. ఒక తలుపు మూసుకుపోతే రెండోది ఉండాలిగా!

సముద్రం అందని వర్ధమాన దేశాలు ఐక్యరాజ్యసమితి జాబితాలో ఎన్నున్నాయో ఊహించండి. 32! అందులో ఉజ్బెకిస్తాన్‌ది మరీ కష్టం. సముద్రం చూడాలంటే ఒకటి కాదు, రెండు సరిహద్దులు దాటాలి! దాని చుట్టూ ఉన్న దేశాలకూ సముద్రం లేదు మరి!

జాంబియాకు రాగి ఉంది, రేవు లేదు. దక్షిణం దారి అప్పట్లో నమ్మేలా లేదు. అందుకని టాంజానియా తీరం దాకా 1,860 కిలోమీటర్ల కొత్త రైలు మార్గమే వేయించుకున్నారు! వేసిపెట్టింది ఎవరు? చైనా!

చైనా అంటే గుర్తొచ్చింది. చైనా పట్టాలకు, కజకిస్తాన్ పట్టాలకు మధ్య వెడల్పు తేడా 85 మిల్లీమీటర్లు. బెత్తెడు! ఆ బెత్తెడు కోసం సరిహద్దులో క్రేన్లు పెట్టి కంటైనర్లన్నీ ఒక బండి నుంచి ఇంకో బండికి మార్చాలి! బెత్తెడు తేడా, బోలెడు చాకిరీ!

మన రాష్ట్రం గొప్ప కూడా ఒకటి చెప్పాలి కదా! 2025 ఆగస్టులో 'రుద్రాస్త్ర' అనే గూడ్సు బండి ఉత్తరప్రదేశ్‌లో బయల్దేరి జార్ఖండ్‌లోని గఢ్వా రోడ్డుకు వచ్చింది. పొడవు? నాలుగున్నర కిలోమీటర్లు! ఇంజను దగ్గర బయల్దేరి చివరి వ్యాగను దాకా నడిచి వెళ్లడానికి గంట పడుతుంది! ఆ దారిలో లెవల్ క్రాసింగుల దగ్గర ఆగినవాళ్ల సంగతి తలుచుకుంటేనే జాలేస్తుంది.

మామూలు ఖనిజం బండికి అంత తోక ఉండదు లెండి. గేటు పడినప్పుడు విసుక్కోకుండా లెక్కపెట్టండి! మొన్న నేనూ లెక్కపెట్టాను. ఎర్ర దుమ్ము ఎగురుతోంది, కళ్లు చికిలించి ఒక్కొక్కటే లెక్కిస్తున్నాను. బ్రేక్ వ్యాను దాటాక 57 అన్నాను ధీమాగా. పక్కన స్కూటీ ముందు నిలబడ్డ బుడతడు నావైపు జాలిగా చూశాడు. "అంకుల్, 58!" వాళ్ల నాన్న స్కూటీ స్టార్ట్ చేస్తూ నవ్వాడు. "వాడు రోజూ లెక్కపెడతాడండీ!"