ముందు ప్రశ్న... తర్వాతే పాఠం!

వినాయక చవితి పందిరికి కట్టే పాత రకం సీరియల్ సెట్‌లో ఒక్క బల్బు పోతే చాలు, ఆ వరసంతా ఆరిపోతుంది. అదే ఇంట్లో వంటగది బల్బు మాడిపోయినా హాల్లో లైటు వెలుగుతూనే ఉంటుంది. ఎందుకని? పదో తరగతి పిల్లల్ని అడిగి చూడండి. శ్రేణి సంధానం, సమాంతర సంధానం సూత్రాలు గడగడా అప్పజెప్పేవాళ్లు కూడా నీళ్లు నములుతారు. సూత్రం పరీక్ష కోసం, బల్బు ఇంటి కోసం... రెంటికీ చుట్టరికం ఉందని వాళ్లకెవరూ చెప్పలేదు మరి!

ఇలా ముందే ఓ చిక్కు ప్రశ్న ఇచ్చి, పాఠాన్ని పిల్లలచేతే వెతికించడం సమస్యాధారిత బోధన. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థులకు ఇలా చదువు చెప్పడం మొదలెట్టింది. ఇప్పుడు దానికి కంప్యూటర్ సిమ్యులేషన్ తోడైంది. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన 'ఫెట్' వెబ్‌సైట్‌లో ఇవి ఉచితం. బ్యాటరీ, తీగ, బల్బు మౌస్‌తో లాగి కలిపితే సర్క్యూట్ రెడీ. షార్ట్ సర్క్యూట్ చేసినా మంట తెరమీదే!

తెరమీద ఆడుకుంటే అసలు వైర్లు కలపడం వస్తుందా అనే అనుమానం సహజమే. 2005లో వెలువడిన ఓ అధ్యయనంలో అక్కడి విద్యార్థుల్ని రెండు జట్లు చేసి, ఒకరికి నిజమైన పరికరాలు, మరొకరికి సిమ్యులేషన్ ఇచ్చారు. తర్వాత నిజం సర్క్యూట్ కట్టి వివరించమంటే సిమ్యులేషన్ జట్టే మెరుగ్గా చేసింది.

కారణం ఊహించొచ్చు. ఒకేలాంటి రెండు బల్బుల్ని వరసగా కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? మొదటిదే కరెంటు తినేస్తుందని చాలామంది పిల్లల నమ్మకం. తెరమీద ఎలక్ట్రాన్లు బల్బుకి ముందూ వెనకా ఒకే వేగంతో కదలడం కళ్లారా కనిపిస్తుంది. అయితే కంప్యూటర్ ముట్టుకోకముందే జవాబు కాగితం మీద రాయించాలి. లేకపోతే 'నాకు ముందే తెలుసు' అనేస్తారు! మన దగ్గర చాలాచోట్ల స్మార్ట్ బోర్డంటే వీడియో పెట్టి కూచోబెట్టడమే. అందులో పిల్లాడు ఊహించేదేముంది?

తర్వాత నిజమైన టార్చి సెల్లు చేతికివ్వాలి. అసలు మజా ఇక్కడే. తెరమీద సమాంతరంగా రెండో బల్బు కలిపినా మొదటిదాని వెలుగు తగ్గదు. అరిగిన సెల్లుతో చేస్తే తగ్గుతుంది! 'కంప్యూటర్ అబద్ధం చెప్పిందా సార్?' అని అడుగుతారు. సెల్లుకీ సొంత నిరోధం ఉంటుంది. సిమ్యులేషన్‌లో దాన్ని పెంచే మీట కూడా ఉంది. అదెక్కడుందో టీచరు చూపించకపోతేనే మేలు, వాళ్లే వెతుక్కుంటారు.