మీకు తెలుసా? చేపకూ ఎస్‌జీపీటీ పెరుగుతుంది!

కామెర్లని అనుమానం రాగానే డాక్టరు రాసే లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అంకెలు ఉంటాయి కదా. ఆ ఎంజైములే చేపల్లోనూ ఉన్నాయి. మామూలుగా ఇవి కణాల లోపల పనిచేసుకుంటాయి. విషం సోకి కాలేయ కణాలు చితికితే రక్తంలోకి కారతాయి. చేప రక్తంలో ఈ అంకెలు పెరిగాయంటే కాలేయానికి దెబ్బ తగిలిందేమోనని శాస్త్రవేత్తలు చూస్తారు.

సాల్మన్లకు వచ్చిన జబ్బు: కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, అమెరికాలోని వాషింగ్టన్ తీరాల్లో అట్లాంటిక్ సాల్మన్లను సముద్రంలోనే వల పంజరాలు కట్టి పెంచేవారు. 1980లలో వాటికి కాలేయం పాడయ్యే జబ్బు పట్టుకుంది. జబ్బు చేపల కాలేయంలో మైక్రోసిస్టిన్ అనే రకం విషం ఉన్నట్టు 1993లో పరిశోధకులు వెల్లడించారు. ఆ విషాన్ని ఆరోగ్యంగా ఉన్న సాల్మన్లకు ఎక్కిస్తే వాటి కాలేయమూ అలాగే దెబ్బతింది.

కాలేయానికే ఎందుకు?: మైక్రోసిస్టిన్ తనంతట తాను కణంలోకి వెళ్లలేదు. పైత్యరస లవణాలను లోపలికి తీసుకునే ప్రోటీన్లు కాలేయ కణాలకు ఉన్నాయి. అవే ఈ విషాన్నీ లోపలికి చేరుస్తాయి. అక్కడ అది ప్రోటీన్ ఫాస్ఫటేజ్ 1, 2ఎ అనే ఎంజైములను కట్టిపడేస్తుంది. కణం ఆకారాన్ని నిలబెట్టే లోపలి అల్లిక చెదిరిపోతుంది.

చేప ఎదురు నిలుస్తుంది: కాలేయంలోని గ్లూటాథయోన్ ఎస్-ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము విషానికి గ్లూటాథయోన్‌ను అతికించి, దాని తీవ్రతను తగ్గించి, బయటికి పంపే వీలు కల్పిస్తుంది. విషం మోతాదు మించితే గ్లూటాథయోన్ నిల్వలు తరిగిపోయి కాలేయం ఓడిపోతుంది.

మన చెరువుల మాట: మైక్రోసిస్టిన్‌ను తయారుచేసే వాటిలో ముఖ్యమైనది మైక్రోసిస్టిస్ అనే సూక్ష్మజీవి. ఎరువులు, మిగిలిన మేత కలిసిన మంచినీటి చెరువుల్లో అది పచ్చటి తెట్టులా పెరుగుతుంది. ప్రతి పచ్చ తెట్టూ విషం కాదు గానీ, విషమున్నదాన్ని కంటితో గుర్తుపట్టలేం. ఉడికించినా ఈ విషం పోదు. అది కండలో కన్నా కాలేయంలో, పేగుల్లో ఎక్కువగా ఉంటుంది. తెట్టు కట్టిన చెరువులో చేపలు పట్టకపోవడమే మేలు. ఏ చేపనైనా లోపలి భాగాలు పూర్తిగా తీసేసి, శుభ్రంగా కడిగాకే వండుకోండి.