గాలి బరువు - బెజవాడ ఎండ

మే నెలలో ఒక సాయంత్రం హాస్టలు వరండాలో కూర్చుని ఎండను తిట్టుకుంటూ ఉంటే ఒక మిత్రుడు ఇలా అడిగాడు. "హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. అంటే బెజవాడ కంటే సూర్యుడికి ఆ మేరకు దగ్గరే కదా! పైగా బెజవాడకు కృష్ణానది ఉంది, డెబ్భై ఎనభై కిలోమీటర్ల దూరంలో సముద్రం ఉంది. మరి మండవలసింది హైదరాబాదు కదా, బెజవాడ ఎందుకు బ్లేజువాడ అయింది?"

నవ్వుతాలుకు అడిగిన ప్రశ్నే అయినా జవాబు చెప్పబోతే అంత సులువుగా తేలలేదు. గాలి బరువు, ఎండ వేడి, ఉష్ణోగ్రత - ఈ మూడింటి మధ్య ఉన్న బంధుత్వం తెలిస్తే తప్ప ఆ చిక్కు విడిపోదు. తెలుసుకోవడం పరీక్షల కోసం మాత్రమే కాదు. 2003లోను, మళ్ళీ 2015లోను మన తెలుగు నేల మీద వడగాలికి చనిపోయినవారు వందల్లో కాదు, వేలల్లో లెక్కకు వచ్చారు. కాబట్టి ఇది ప్రాణాలకు సంబంధించిన భౌతికశాస్త్రం.

గాలి సముద్రం అడుగున

గాలికి బరువుందని మనకు తెలియదు, ఎందుకంటే పుట్టినప్పటినుంచీ మోస్తూనే ఉన్నాం. నీటిలో చేపకు నీటి బరువు తెలియనట్టే. 1644లో ఇటలీకి చెందిన టారిసెల్లీ తన మిత్రుడికి రాసిన ఉత్తరంలో పాదరసపు గొట్టంతో చేసిన ప్రయోగాన్ని వివరించాడు. మనమంతా గాలి సముద్రం అడుగున బతుకుతున్నామన్న భావం కూడా ఆయనదే. గొట్టంలో పాదరసాన్ని 76 సెంటీమీటర్ల ఎత్తున నిలబెడుతున్నది బయటి గాలి బరువే అని ఆయన గ్రహించాడు.

అదే నిజమైతే కొండెక్కిన కొద్దీ నెత్తిమీద గాలి తగ్గాలి, పాదరసం దిగాలి. ఫ్రాన్సులో పాస్కల్ ఈ మాట తన బావగారైన పెరియేకు రాశాడు. ఆయన 1648 సెప్టెంబరు 19న పుయ్ ద దోమ్ అనే కొండ ఎక్కి చూశాడు. పాదరసం దాదాపు 8 సెంటీమీటర్లు దిగింది! ఆ రోజంతా కొండ కింద మరొక గొట్టాన్ని కాపలా పెట్టి ఉంచారు. అందులో పాదరసం కదలలేదు. ప్రయోగం అంటే అలా ఉండాలి.

సముద్రమట్టం దగ్గర ఒక చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో గాలి బరువు పడుతుంది. అరచేయి వంద చదరపు సెంటీమీటర్లు అనుకుంటే దానిమీద వంద కిలోల బియ్యం బస్తా ఉన్నట్టే. చేతికింద కూడా అంతే ఒత్తిడి పైకి నెడుతుంది కాబట్టి మనకు ఏమీ అనిపించదు. వాతావరణ శాస్త్రజ్ఞులు ఈ పీడనాన్ని మిల్లీబార్లలో చెబుతారు. సముద్రమట్టం వద్ద సగటున 1013, హైదరాబాదు ఎత్తులో సుమారు 950. ఈ 63 మిల్లీబార్ల తేడాను గుర్తుపెట్టుకోండి. దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఎండ గాలిని నేరుగా కాచదు

వాతావరణం పై అంచున సూర్యుడికి ఎదురుగా నిలిపిన ఒక చదరపు మీటరు మీద సుమారు 1361 వాట్ల శక్తి పడుతుంది. భూగోళం మొత్తానికి వచ్చే శక్తిలో దాదాపు మూడు పాళ్ళు, అంటే పదింట మూడు, మబ్బులు, ఇసుక, మంచు తిప్పికొడతాయి. ఐదోవంతుకు కొంచెం పైగా గాలి, మబ్బులు పీల్చుకుంటాయి. మిగిలిన దాదాపు సగం నేలను, సముద్రాన్ని చేరుతుంది.

అంటే ఏమన్నమాట? గాలి ఎండకు చాలావరకు గాజు పలకలాంటిది. ఎండ దానిగుండా దిగిపోయి ముందు నేలను కాలుస్తుంది, ఆ తరువాత నేల గాలిని కాలుస్తుంది. పొయ్యిమీద పాలగిన్నె కింది నుంచి కాగినట్టు గాలి కూడా కింది నుంచి కాగుతుంది. ఇక సూర్యుడికి దగ్గర అన్న మాట చూద్దాం. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అందులో అర కిలోమీటరు దగ్గరైతే ఏమిటి, దూరమైతే ఏమిటి! భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది జనవరి మొదటివారంలో. అప్పుడు మనం దుప్పట్లు కప్పుకుంటాం.

కాగిన గాలి తేలికై పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ కాబట్టి వ్యాకోచిస్తుంది. వ్యాకోచించాలంటే చుట్టూ ఉన్న గాలిని నెట్టాలి, నెట్టడం అంటే పని చేయడం, ఆ పనికి కావలసిన శక్తి తన వేడిలోంచే ఖర్చుపెట్టాలి. అందుకని చల్లబడుతుంది. పొడిగాలి వంద మీటర్లు లేస్తే దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. బయటినుంచి వేడి ఇవ్వకుండా, తీసుకోకుండా జరిగే ఈ మార్పునే మన పాఠ్యపుస్తకాల్లో స్థిరోష్ణక ప్రక్రియ అంటారు. తేమ ఉండి మబ్బు కడితే ఆవిరి నీరయ్యేటప్పుడు విడిచే వేడి వల్ల ఈ తగ్గుదల నెమ్మదిస్తుంది. మొత్తం మీద కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు సగటు. విశాఖపట్నంలో చెమటలు కక్కి అరకు వెళ్ళినవాడికి అక్కడ హాయిగా ఉండటంలోని రహస్యం ఇదే.

సైకిలు పంపు చెప్పే నీతి

ఇక్కడ ఒక పొరపాటుకు ఆస్కారం ఉంది. కింద ఒత్తిడి ఎక్కువ, కింద వేడీ ఎక్కువ, కాబట్టి ఒత్తిడే వేడిని పుట్టిస్తున్నది అని కొందరు వాదిస్తారు. సైకిలు పంపును సాక్ష్యం తెస్తారు కూడా. గాలి కొడుతుంటే పంపు అడుగుభాగం చెయ్యి చురుక్కుమనేంత కాలుతుంది కదా అంటారు.

కాలుతుంది, నిజమే. కానీ గాలి కొట్టడం ఆపి పది నిమిషాలు ఆగి ట్యూబు ముట్టుకుని చూడండి. లోపల ఒత్తిడి అలాగే ఉంది, వేడి మాత్రం పోయింది. వేడెక్కించింది ఒత్తిడి కాదు, నొక్కుతున్నప్పుడు మన చెయ్యి చేసిన పని. బల్లమీద పెట్టిన పుస్తకం బల్లను రాత్రింబవళ్ళు నొక్కుతూనే ఉంటుంది. అంతమాత్రాన బల్ల వేడెక్కుతుందా? కదలిక లేనిదే పని లేదు, పని లేనిదే శక్తి రాదు.

శుక్రగ్రహాన్ని కూడా ఇదే వాదనకు లాక్కొస్తారు. అక్కడ నేలమీద వాతావరణ పీడనం మన భూమి మీద కంటే 92 రెట్లు, ఉష్ణోగ్రత 460 డిగ్రీల పైన. అయితే ఒక చిత్రం చూడండి. శుక్రుడి మబ్బులు తమ మీద పడిన ఎండలో మూడొంతులకు పైగా తిప్పికొడతాయి. సూర్యుడికి దగ్గరగా ఉండి కూడా ఆ గ్రహం ఒక్కొక్క చదరపు మీటరుకు భూమికంటే తక్కువ ఎండనే పీల్చుకుంటుంది. అయినా కొలిమిలా ఉందంటే కారణం లోపలికి వచ్చిన వేడి బయటికి పోలేకపోవడం. ఆ గాలిలో నూటికి 96 పాళ్ళు బొగ్గుపులుసు వాయువు. నేల వెలువరించే పరారుణ కిరణాలను అది దుప్పటిలా అడ్డుకుంటుంది.

మన భూమికీ పలచటి దుప్పటి ఒకటుంది. పీల్చుకున్న ఎండకు సరిపడా వేడిని భూమి బయటికి పంపాలంటే సున్నాకు దిగువన 18 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. కానీ నేల సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గర ఉంది. ఈ 33 డిగ్రీల తేడా నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు వంటివి పెట్టిన భిక్ష. ఆ దుప్పటిని మనం బొగ్గు, పెట్రోలు కాల్చి మందం చేస్తున్నాం.

అయితే ఒత్తిడికి పాత్రే లేదా? ఉంది. పైకి పోయిన కొద్దీ ఎంత చల్లబడాలి, కిందికి దిగితే ఎంత వేడెక్కాలి అన్న మెట్ల లెక్క ఒత్తిడిది. ఆ మెట్లమీద నడిచే శక్తిని ఇచ్చేవాడు సూర్యుడు. దారి ఒకరిది, బలం మరొకరిది.

బెజవాడ కథ

ఇప్పుడు మిత్రుడి ప్రశ్నకు వద్దాం. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు. ఆకాశంలో మబ్బుండదు, కాలువలు కట్టేసి ఉంటాయి, పొలాలు నెర్రెలిచ్చి ఉంటాయి. నేలలో తేమ ఉంటే ఎండలో కొంతభాగం దానిని ఆవిరి చేయడానికి ఖర్చయ్యేది. తేమ లేనప్పుడు వచ్చిన వేడంతా నేలను, గాలిని కాల్చడానికే.

దీనికి తోడు పడమటి గాలి. దక్కను పీఠభూమి మీద ఎండకు మాడిన పొడిగాలి తూర్పుకు వీచి, మెట్టదిగి కోస్తాకు వస్తుంది. దిగుతున్న కొద్దీ ఒత్తిడి 950 నుంచి వెయ్యి దాటుతుంది. సైకిలు పంపులో లాగానే ఆ గాలి నొక్కుకుపోయి వేడెక్కుతుంది. వంద మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున 540 మీటర్లకు లెక్క వేస్తే అయిదు డిగ్రీల పైమాట. హైదరాబాదులో 41 డిగ్రీలతో బయలుదేరిన గాలి దారిలో వేరే గాలితో కలవకుండా వస్తే బెజవాడ చేరేసరికి 46 అవుతుందన్నమాట. ఇక్కడ ఒత్తిడి నిలకడగా లేదు, మారుతూ ఉంది. పంపు నీతికి ఇది విరుద్ధం కాదు, దానికి ఉదాహరణే.

మరి సముద్రం ఏం చేస్తున్నట్టు? మామూలు రోజుల్లో పగలు నేల కాగి దానిమీది గాలి లేస్తుంది, ఒత్తిడి తగ్గుతుంది, సముద్రం మీది చల్లగాలి ఆ లోటు పూడ్చడానికి లోపలికి వస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున ఇది ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలే రాదు. అప్పుడు బందరు, ఒంగోలు వంటి తీరపు ఊళ్ళు కూడా పొయ్యిమీద పెనంలా ఉంటాయి. రెంటచింతల సంగతి చెప్పనే అక్కర్లేదు.

నీడలో కొలిచిన అంకె

పత్రికలో 45 డిగ్రీలని చూసినప్పుడు ఒక సంగతి మరిచిపోకూడదు. అది గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో, మనిషి ఛాతీ ఎత్తున కొలిచిన ఉష్ణోగ్రత. తారురోడ్డు మీద తట్ట మోస్తున్న మనిషికి పైనుంచి ఎండ, కిందనుంచి రోడ్డు సెగ అదనం.

శరీరం 37 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి. గాలి అంతకంటే వేడిగా ఉన్నప్పుడు ఒంటికి మిగిలిన ముఖ్యమైన మార్గం చెమట ఒక్కటే. ఒక గ్రాము చెమట ఆరితే సుమారు 580 కేలరీల వేడిని తీసుకుపోతుంది. పొడిగాలిలో చెమట ఆరుతుంది, కాని నీరు అయిపోతుంది. ఉక్కపోతలో నీరు కారుతుంది గాని ఆరదు. రెండూ ప్రమాదమే. చెమట విధానం చేతులెత్తేస్తే ఒంటి వేడి 40 దాటుతుంది, మాట తడబడుతుంది, స్పృహ తప్పుతుంది. అప్పుడు క్షణం ఆలస్యం చేయకుండా నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. స్పృహలేని మనిషి నోట్లో నీళ్ళు పోయరాదు.

వడదెబ్బకు ఎక్కువగా బలయ్యేది ఎవరు? ఫ్యాను కింద కూర్చుని ఈ వ్యాసం చదివే మనం కాదు. ఉపాధి పనికి వెళ్ళే కూలీలు, మేస్త్రీ కింద ఇటుకలు మోసే ఆడవాళ్ళు, రేకుల కప్పు కింద పడుకున్న ముసలివాళ్ళు. ఒకరోజు ఇంట్లో కూర్చుంటే ఆ రోజు కూడు లేనివాళ్ళు. వారికి "ఎండలో తిరగకండి" అని చెప్పడం సులువు. తెల్లవారుజామున పని మొదలుపెట్టి పదకొండింటికి ఆపించడం, పని దగ్గర నీడ, మజ్జిగ, ఉప్పు కలిపిన నీళ్ళు ఏర్పాటు చేయడం, ఆ మధ్యాహ్నపు కూలి కోయకుండా ఉండటం - ఇవి చేయవలసినవాళ్ళు చేయాలి.

పడమటి గాలి దారి మళ్ళించడం మన చేతిలో లేదు. గాలి బరువు తగ్గించడం అంతకంటే లేదు. పని వేళ మార్చడం మాత్రం మన చేతిలోనే ఉంది. మన మిత్రుడి ప్రశ్నకు అసలు జవాబు అక్కడిదాకా వెళ్ళినప్పుడే పూర్తవుతుంది.